కొండపల్లి సరిహద్దు - ఒక దొంగ ఉత్తరం

కొండపల్లి అనగానే మన సాహిత్య విద్యార్థులకు రెడ్డిరాజులు, పొణికి కర్ర బొమ్మలు గుర్తొస్తాయి. మా కంచికచర్ల నుంచి బెజవాడ వెళ్లే దారిలో ఆ కొండలు చూస్తున్నప్పుడల్లా నాకు మాత్రం 1481 గుర్తొస్తుంది.

తెలంగాణా మెట్టకూ, కృష్ణా మాగాణికీ నడుమ ఉన్న సరిహద్దు కోట ఇది. డెల్టా ధాన్యం మీద, రేవుల సుంకం మీద కన్నువేసిన ప్రతి రాజుకూ ఇది కావలసి వచ్చింది. 14వ శతాబ్దంలో రెడ్లు, ఆ తర్వాత గజపతులు, బహమనీలు, 1516 ప్రాంతంలో కృష్ణదేవరాయలు, అనంతరం కుతుబ్ షాహీలు, 1687 తర్వాత మొగలులు, 1766లో ఇంగ్లీషువారు. కోట చేతులు మారింది. పన్ను కట్టే రైతు మారలేదు.

1481 ఏప్రిల్‌లో బహమనీ సుల్తాను మూడవ మహమ్మద్ షా ఇక్కడే విడిది చేసి, తన ప్రధానమంత్రి మహమూద్ గవాన్‌ను చంపించాడు. గవాన్ కాస్పియన్ సముద్రతీరంలోని గీలాన్ నుంచి వర్తకుడిగా వచ్చినవాడు. బీదరులో మదరసా కట్టించినవాడు. పారశీకంలో ఆయన లేఖల సంపుటి నేటికీ నిలిచివుంది. అతని ముద్ర వేసిన ఖాళీ కాగితం సంపాదించి, ఒరిస్సా గజపతిని దండయాత్రకు పిలుస్తున్నట్టు శత్రువులు ఉత్తరం సృష్టించారు. సుల్తాను విచారణ జరపలేదు. డెబ్బయ్యేళ్ల వృద్ధుడి తల తెగిపడింది.

దీన్ని దర్బారు అసూయగా, దక్కనీలకూ విదేశీయులకూ మధ్య తగాదాగా చెప్పి ఊరుకోవడం పరిపాటి. అది సగం నిజమే. గవాన్ నాలుగు తరఫులను ఎనిమిదిగా విడగొట్టాడు, ఒక్కొక్క తరఫుదారుకు ఒక్క కోటనే మిగిల్చాడు, భూములు కొలిపించాడు. సామంతుల రాబడికీ, సైనిక బలానికీ గండి పడింది. కక్షకు మూలం అక్కడుంది. అలాగని గవాన్‌ను ప్రజల మనిషిని చెయ్యనక్కర్లేదు. ఆయన కొలిపించిన భూమి ఖజానా కోసమే.

ఆ అబద్ధం అంత తేలికగా ఎందుకు నమ్మకం కలిగించింది? గజపతి రాజ్యం కూతవేటు దూరంలో ఉంది కనుక. సరిహద్దులో భయం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పాలకుడికి సాక్ష్యంతో పని ఉండదు. మరుసటి ఏడు సుల్తాను చనిపోయాడు. కొద్ది దశాబ్దాల్లో రాజ్యం అయిదు ముక్కలయింది.

ఈ కథను వివరంగా చెప్పిన ఫెరిష్తా కూడా శతాబ్దం దాటాక, బిజాపూరు కొలువులో కూర్చుని రాసినవాడే. కనుక శాసనమైనా, కైఫీయతయినా, చరిత్ర గ్రంథమైనా, ముద్ర చూసి తలవంచడం విమర్శకుని పని కాదు. ఎవరు రాయించారు, ఎవరికి లాభించింది అని అడగాలి. అక్షరంతో మనిషిని చంపవచ్చునని కొండపల్లి చెబుతున్నది. అక్షరం పట్టుకున్నవాళ్లం, ఆ సంగతి మనకే ఎక్కువ అవసరం.