ఛిన్నరుహ: కొల్లేటి సీమలో తిప్పతీగ

కైకలూరు దాటి ఆటపాక మీదుగా కొల్లేటివైపు పోవువారు దారిప్రక్క వేపచెట్లను తలయెత్తి చూచినచో, కొమ్మలనుండి నేలదాక దారములవలె వ్రేలాడు ఊడలును, హృదయాకారమైన ఆకులును గల యొక తీగ కంటబడును. అదియే తిప్పతీగ. తడియడవులు మొదలుకొని పెరటి కంచెలవరకు అల్లుకొను ఈ లతను వైద్యులు గుడూచి యనియు అమృత యనియు పిలిచిరి. వృక్షశాస్త్రజ్ఞులు టినోస్పోరా కార్డిఫోలియా యనిరి. దీని గుణములను ఏకరువు పెట్టిన వ్యాసములకు కొదువ లేదు. దీనిని వాడుట యెంత విద్యయో గుర్తించుటయు అంత విద్యయే యనియు, ఆ విద్యను పూర్వులు పేర్లలోనే నిక్షేపించిరనియు చెప్పుటయే నా ఉద్దేశము.

అమరకోశము దీనిని వత్సాదని, ఛిన్నరుహ, తంత్రిక, మధుపర్ణి యనుచున్నది. వైద్యనిఘంటువులు చక్రలక్షణిక యను పేరును చేర్చినవి. పర్యాయపదములు ఛందస్సు పూరించుటకే పుట్టినవని తలచు విద్యార్థి యొక్కసారి కత్తి పట్టి ముదురు కాండమును అడ్డముగా కోసి చూడవలెను. బండిచక్రపు ఆకులవలె నడిమినుండి అంచులకు పరచుకొన్న గీతలు కానవచ్చును. చక్రలక్షణిక యనగా నిదియే. మొదలు నరికినను పైభాగము చావదు. గాలిలోనుండియే క్రొత్త ఊడలను దించి, నేల తాకి, మరల బ్రదుకును. కావున ఛిన్నరుహ. రావణవధానంతరము వానరులను బ్రదికింప ఇంద్రుడు చల్లిన అమృతబిందువులు నేలబడి యీ తీగ మొలచెనని భావప్రకాశమను వైద్యగ్రంథము చెప్పు కథకు మూలము ఈ చావని స్వభావమే యైయుండును.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిపోసిన నీరు ఉప్పుటేటి గుండ మాత్రమే సముద్రమునకు వెడలు ఈ పల్లపు సీమలో నిలువనీరును, దోమలును, చలిజ్వరమును ఒకదాని వెంట నొకటి వచ్చునవి. దోమలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో సికింద్రాబాదున కనుగొనుటకు ఎన్నో శతాబ్దుల ముందే జ్వరమునకు తిప్పతీగ కషాయము ఆయుర్వేదమున స్థిరపడినది. చరకుడు గుడూచీరసమును బుద్ధిని పెంచు నాలుగు మేధ్యరసాయనములలో నొకటిగా గణించెను; కామిల (కామెర్లు), వాతరక్తము (కీళ్ళనొప్పి), ప్రమేహము (మధుమేహాది మూత్రరోగములు) మున్నగువానియందును దీని వాడుక గలదు. వైద్యగ్రంథకర్త శార్ఙ్గధరుని విధి మిక్కిలి ఆసక్తికరము: కషాయమునకు ద్రవ్యమునకు పదునాఱు రెట్లు నీరు పోసి ఎనిమిదవ వంతు మిగులునట్లు కాచవలెను, పచ్చి మూలికను సాధారణముగా రెట్టింపు తీసికొనవలసియుండగా, గుడూచి మున్నగు కొన్నిటిని మాత్రము ఎల్లప్పుడు పచ్చివిగానే, రెట్టింపు చేయక గ్రహింపవలెను. కాండమును దంచి, నీట నానవేసి, పిసికి వడగట్టి, అడుగున పేరుకొన్న తెల్లని పిండిని ఎండబెట్టినచో తిప్పసత్తు సిద్ధమగును. వేపమీద ప్రాకిన తీగ శ్రేష్ఠమను నమ్మకము పల్లెలలో నేటికిని గలదు.

పచ్చితీగను కోసి తెచ్చుకొను ఇంట పొరపాటునకు తావు తక్కువ. పొడియైన పిదప చక్రము లేదు, ఊడ లేదు. 2020లో కరోనా భయముచే తిప్పతీగ ఇంటింట వాడుకైన తరుణమున, ముంబయిలో ఆఱుగురికి కాలేయము చెడినట్లు వైద్యులు 2021లో ప్రకటించిరి. పోలికగల టినోస్పోరా క్రిస్పాతో దీనిని పొరబడి యుండవచ్చునని ఆయుష్ మంత్రిత్వశాఖ పలికెను. క్రిస్పా కాండముపై బుడిపెలుండును, కోసిన పాలు కారును, పండు కోలగా నుండును. మన తీగకు బుడిపెలు లేవు, పాలు లేవు, ఎఱ్ఱని పండు గుండ్రన. ఐనను దోషమంతయు గుర్తింపుదే యనుట సాహసము. 2022లో వెలువడిన పరిశీలన తిప్పతీగ వాడి కాలేయము చెడిన 43 మంది రోగులను 13 ఆసుపత్రులలో లెక్కించినది. వారిలో కొందఱికి అంతకుముందే కాలేయదోషము దాగియుండెను. అట్టివారు వైద్యుని అడుగక దీనిని త్రాగరాదు. అమృతమను పేరు మోతాదును మఱపింపరాదుగదా!

కొల్లేరు 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల పట్టికకెక్కి, పక్షులచే ప్రసిద్ధి గాంచినది. కంచెల మూలికలకు అట్టి గౌరవము దక్కలేదు. చేపల చెరువులు విస్తరించి భూమి రూపు మారిన ఈ సీమలో, ఏ లంకగ్రామమున తీగ యే చెట్టునెక్కినది, ఏ మాసమున కోయుదురు, ఏ వ్యాధికిత్తురు అను సంగతులను వృద్ధులనుండి వ్రాసికొనవలసియున్నది. మొదట అడుగవలసిన ప్రశ్న మాత్రము చిన్నది: అవ్వా, తిప్పతీగ యని నీ వెట్లు పోల్చుకొందువు? కాగితమువలె లేచు పైపొరను గోటితో గీరి, క్రిందనున్న పచ్చదనమును ఆమె చూపినచో, అదియు వ్రాసికొనదగినదే.