తర్జుమాన్ లేని యంత్రం



ఏలూరులో మా మామూ డీటీపీ దుకాణంలో, మూలన తెల్ల గుడ్డ కప్పిన లేజర్ ప్రింటర్ ఒకటి ఏళ్ల తరబడి ఉండిపోయింది. చూసినవాళ్లు పాడైపోయిందనుకునేవారు. నిజానికి దానికి ఏ రోగమూ లేదు. 2010లో దుకాణానికి కొత్త కంప్యూటర్ వచ్చింది. అందులో ఉన్నది కొత్త 64 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్. దానికి సరిపోయే డ్రైవర్‌ని ఆ ప్రింటర్ కంపెనీ ఇవ్వలేదు. పేరెందుకులెండి.

ఆ వారమే కైకలూరు నుంచి ఒక ఖాందాన్ షాదీ రుఖ్ఖాల కోసం వచ్చింది. ఒకవైపు ఉర్దూ, ఒకవైపు తెలుగు కావాలన్నారు. ఉర్దూ సాఫ్ట్‌వేర్ నడవాలంటే వెనక డాంగిల్ తగిలించాలి. కొత్త పెట్టెకి ఆ పోర్టే లేదు. "ఈసారికి తెలుగులోనే కొట్టించుకోండి భాయ్‌సాబ్" అన్నారు మామూ, తల దించుకుని. వాళ్లు సరేనన్నారు. ఆ తర్వాత ఉర్దూ అడిగేవాళ్లకు మామూ అదే జవాబు చెబుతూ వచ్చారు. కొన్నాళ్లకు అడిగేవాళ్లే లేకుండా పోయారు.

మన కోస్తాలో ఉర్దూ రుఖ్ఖాలు ఎందుకు తగ్గాయంటే, పిల్లలకు ఉర్దూ రాదు కాబట్టి అంటారు. సహీ మాటే. కానీ మా దుకాణం వరకు ఇంకో వజహ్ కూడా ఉంది. అది యంత్రాల తారీఖ్‌లో దాగుంది.

డ్రైవర్ అంటే ఏమిటి? తర్జుమాన్. కంప్యూటర్ ఒక జబాన్ మాట్లాడుతుంది, ప్రింటర్ ఇంకో జబాన్ మాట్లాడుతుంది. మధ్యలో నిలబడి ఇటు మాట అటు చెప్పేది డ్రైవర్. ఆపరేటింగ్ సిస్టమ్ మారితే దర్బార్ జబాన్ మారినట్టే. 1837లో కంపెనీ సర్కార్ అదాలతుల్లో ఫార్సీని పక్కన పెట్టేందుకు చట్టం చేసింది. ఫార్సీ తప్ప వేరే రాత రాని మున్షీల గతి ఏమైందో ఊహించుకోండి. పాత డ్రైవర్ గతీ అంతే.

మన రాతకు ఈ కష్టం ఎక్కువ. ఉర్దూ నస్తాలీఖ్‌లో అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఏటవాలుగా దిగుతాయి. సీసం అచ్చులకు అది లొంగలేదు. అందుకే అఖ్బార్లను చాలాకాలం కాతిబ్‌లు చేత్తో రాశారు. చెన్నైలో 1927లో మొదలైన 'ముసల్మాన్' దినపత్రిక కంప్యూటర్ జమానా వచ్చాక కూడా చేతిరాతనే నిలబెట్టుకుంది. 1981లో మిర్జా అహ్మద్ జమీల్, మోనోటైప్ కంపెనీతో కలిసి నూరీ నస్తాలీఖ్ తెచ్చారు. అందులో సుమారు 20 వేల అక్షరాల జోడింపులున్నాయి.

మన దేశంలో ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, పుణేలోని సీడాక్ చేతికి వచ్చిన పని జిస్ట్ కార్డు. కంప్యూటర్ విప్పి లోపల స్లాట్‌లో గుచ్చితే డాస్ తెర మీద తెలుగూ, హిందీ కనిపించేవి. ఉర్దూకీ అందులో జాగా ఇచ్చారు. తెలుగూ ఉర్దూ ఒకే కార్డులో, మన ఇళ్లలో ఉన్నట్టే! విండోస్ వచ్చి అక్షరాలను తనే బొమ్మల్లా గీయడం మొదలుపెట్టాక ఆ కార్డు జరూరత్ పోయింది. అది గుచ్చే స్లాట్ కూడా కొన్నేళ్లకు మాయమైంది. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ ఆ నూరీ నస్తాలీఖ్‌ని మామూలు దుకాణాల దాకా తెచ్చింది.

2007 జనవరి 30న విండోస్ విస్టా బజారులోకి వచ్చింది. డ్రైవర్ల నిర్మాణం చాలావరకు మారింది. 64 బిట్ విస్టాలో దస్తఖత్, అంటే డిజిటల్ సంతకం, లేని డ్రైవర్‌ని సిస్టమ్ గుండెలోకి రానివ్వరు. వైరస్‌ల నుంచి హిఫాజత్ కోసం పెట్టిన నియమం అది, అందులో న్యాయం ఉంది. కానీ 32 బిట్ డ్రైవర్లు అక్కడ నడవవు. పాత 16 బిట్ ప్రోగ్రాములూ నడవవు. కంపెనీ కొత్త డ్రైవర్ రాస్తేనే పాత యంత్రానికి నోరు. అమ్మేసిన సరుకుకి మళ్లీ మెహనత్ ఎవరు చేస్తారు?

ఇలాంటి గొడవ నుంచే ఒక ఉద్యమం పుట్టింది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలకు జిరాక్స్ లేజర్ ప్రింటర్ వచ్చింది. రిచర్డ్ స్టాల్‌మన్ దాని సాఫ్ట్‌వేర్‌ని సరిచేద్దామంటే సోర్స్ కోడ్ ఇవ్వలేదు. ఇల్మ్‌ని తాళం వేసి దాచడం ఆయనకు నచ్చలేదు. 1983లో గ్నూ ప్రకటించారు. లినక్స్ ప్రపంచానికి పునాదుల్లో అదొకటి.

తాడేపల్లిగూడెంలో చదువుకుంటున్న మా ఖాలా కొడుకు మొన్న సెలవులకు వచ్చి, "మామూ, ఒకసారి చూస్తా" అంటూ ఆ తెల్ల గుడ్డ తీశాడు. పాత కంప్యూటర్లో లినక్స్ వేశాడు. ఎవరో ముక్కూమొహం తెలియని వాలంటీర్లు ఆ ప్రింటర్‌కి డ్రైవర్ రాసి పెట్టారట. టోనర్ నింపించి మీట నొక్కితే కాగితం బయటికొచ్చింది. ముఫ్త్‌గా దొరికే నోటో నస్తాలీఖ్‌లో మా భాంజీ రుఖ్ఖా, ఒకవైపు ఉర్దూ, ఒకవైపు తెలుగు. మామూ ఆ కాగితాన్ని వేడి తగ్గేదాకా చేతిలోనే పట్టుకున్నారు. తర్వాత, "కైకలూరు వాళ్లది కూడా ఇలాగే కొట్టేవాణ్ణి" అన్నారు.

నాకు ఫికర్ రుఖ్ఖాల గురించి కాదు. మామూ హార్డ్ డిస్క్‌లో మా మసీదు నికాహ్ రిజిస్టర్ నకలు ఉంది. పాత తెలుగు ఫాంట్‌లో కొట్టినది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే పెళ్లికొడుకూ పెళ్లికూతురూ పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలై కనబడతారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ కూడా ముగిసింది. ఇంకా ఎన్ని పాత పెట్టెలు తుక్కులోకి వెళ్తాయో!

కాబట్టి నా గుజారిష్. మీ ఇంట్లో, మీ మసీదు కమిటీలో పాత కంప్యూటర్ ఉంటే పారేసే ముందు తెరిచి చూడండి. పేర్లూ, తారీఖులూ, ఖబరస్తాన్ లెక్కలూ యూనికోడ్‌లోకి మార్చించండి. ఒక నకలు కాగితం మీద కూడా తీసి పెట్టండి. అవి మన బుజుర్గుల అమానత్. కాగితం చదవడానికి డ్రైవర్ అక్కర్లేదు, చదవగలిగిన పిల్లలు ఉంటే చాలు. ఆ పిల్లలను తయారుచేయడం మాత్రం ఏ కంపెనీ జిమ్మేదారీ కాదు, మనదే.