ఖండాన్వయము, వ్యంగ్యబోధ: కావ్యపాఠ చరిత్రలో నొక విచారణ

మాధ్యమిక పాఠశాలలలో కావ్యపాఠము చెప్పు నుపాధ్యాయునకు రెండు పనులు గలవు. పద్యములో నేమి యున్నదో విద్యార్థిచే సరిగా చదివించుట యొకటి. పద్యము చెప్పినదాని యాధారమున చెప్పనిదానిని గ్రహింపజేయుట మఱియొకటి. ఇవి పాశ్చాత్యులనుండి నూతనముగా వచ్చిన విద్య లని తలచువారు కలరు. కాని మన పూర్వులు మొదటిదానిని అన్వయ మనియు, రెండవదానికి సాధనమగు శబ్దార్థవ్యాపారమును వ్యంజన యనియు పేర్కొని, రెండింటిని చక్కగా విచారించిరి. అందొక మార్గము మన బడులనుండి యెట్లు తొలగిపోయెనో చూపుట యీ వ్యాసోద్దేశము.

అన్వయము దండాన్వయము, ఖండాన్వయము అని రెండు విధములు. దండాన్వయమున పదములన్నియు వచనక్రమమున కూర్పబడును. ఖండాన్వయమున ముందుగా క్రియను పట్టుకొని, దాని యాకాంక్షను బట్టి ప్రశ్నించుచు పోవుదురు. ‘వానకు తడిసిన చేలను చూచి ముసలి రైతు నవ్వెను’ అను వాక్యమును గైకొందము. నవ్వెను, ఎవడు? రైతు. ఎట్టివాడు? ముసలివాడు. ఏమి చేసి నవ్వెను? చూచి. వేనిని? చేలను. ఎట్టి చేలను? వానకు తడిసినవానిని. వచనమున నిది బాలక్రీడవలె తోచును. క్రియ నాలవ పాదమున నుండి, మూడు పాదములు విశేషణములతో నిండిన ప్రబంధపద్యమున మాత్రము ఒక్క ప్రశ్న విడిచిన విద్యార్థి అచ్చటనే చిక్కుకొనును. సంస్కృతమున నీ ప్రశ్నపద్ధతికి కథంభూతిని యని పేరు. పదవ శతాబ్దివాడైన కాశ్మీరకుడు వల్లభదేవుడు రఘువంశమునకు రచించిన పంచిక యీ తెరగున నడచినది.

కొలిచెలమ మల్లినాథసూరి మెదకు ప్రాంతపు కొల్చారమువాడని ప్రసిద్ధి. అతడు అన్వయముఖముననే సర్వమును వ్యాఖ్యానింతు ననియు, మూలములేనిదానిని వ్రాయననియు, అనపేక్షితమును పలుకననియు ప్రతిజ్ఞ చేసెను. ఆ మితభాషిత్వమే సంజీవనిని దేశమంతట వ్యాపింపజేసినది. అయినను అతని వ్యాఖ్యలలో ప్రశ్న సామాన్యముగా కానరాదు. సమాధానములే వరుసగా కూర్పబడియుండును. ప్రశ్న గురుముఖమున నుండెడిదని నా యూహ. తాటియాకుపై సమాధానము, నోట ప్రశ్న: ఈ రెండును కలిసినప్పుడే పాఠము పూర్ణమగును.

ముద్రణము వచ్చిన పిమ్మట నీ జంట విడిపోయినది. సి. పి. బ్రౌను పండితులను కూర్చి తెలుగు కావ్యములకు వ్యాఖ్యలు వ్రాయించెను; జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో మనుచరిత్రము 1851లో వెలువడినది. విదేశీయునికి, గురువునకు దూరమైన పాఠకునికి అట్టి గ్రంథము మహోపకారము. బ్రౌను దొర సేవను తక్కువచేయుట నా యభిమతము కాదు. కాని ఆ యచ్చే తరువాతి కాలమున పరీక్షకు తగినట్లు కుదించుకొని, ప్రతిపదార్థము, తాత్పర్యము అను రెండు శీర్షికలుగా మిగిలెను. గురువు లేని పాఠకునికై పుట్టినది, గురువు ఎదుట కూర్చున్న బాలునికిని ఆహారమయ్యెను. గైడు పుస్తకమును నిందించి లాభము లేదు. అడుగుట మానిన పాఠమునకు అది సహజసంతానము.

కేంబ్రిడ్జియందు ఐ. ఎ. రిచర్డ్సు పదుమూడు పద్యములను కవుల పేర్లు తొలగించి విద్యార్థుల కిచ్చి, వారి వ్రాతలను పరిశీలించి 1929లో గ్రంథముగా ప్రకటించెను. పఠితల కెదురగు పది యిబ్బందులలో ఆయన మొదట నిలిపినది గూఢభావము కాదు, వాచ్యార్థమును గ్రహింపలేకపోవుట. ఖండాన్వయము చికిత్స చేయునది సరిగా నా రోగమునకే.

ఇక వ్యంగ్యమును గూర్చి. పదునొకండవ శతాబ్దిని మహిమభట్టు ధ్వని యంతయు ననుమానమే యని వ్యక్తివివేకమున వాదించెను. మమ్మటుడు దానిని ఖండించుచు, కావ్యమందలి హేతువు పొగవలె నిప్పును తప్పక సాధింపజాల దనెను. ఈ వివాదము బోధకులకు మిక్కిలి ప్రయోజనకరము. విద్యార్థి చేయు నూహకు ఆధారముండవలెను. ఒక్క ఊహయే యుండవలెనను నియమము లేదు. ఆధారములను వెదకుటకు మమ్మటుడే కావ్యప్రకాశ తృతీయోల్లాసమున నొక పట్టిక యిచ్చినాడు: వక్త, బోద్ధవ్యుడు, కాకువు, వాక్యము, వాచ్యము, అన్యసన్నిధి, ప్రస్తావము, దేశము, కాలము. ‘ఆది’ శబ్దముచే చేష్టయు చేరును. రిచర్డ్సు కవి పేరును దాచెను. ఈ పట్టికలో కవి పేరే లేదు. మాటలాడు పాత్ర యెవరన్నదే ప్రశ్న.

తిక్కన యుద్యోగపర్వమున కృష్ణుడు రాయబారమునకు బయలుదేరు ఘట్టమును గైకొందము. ద్రౌపది వక్త. బోద్ధవ్యుడు కృష్ణుడు. అంతమాత్రమున నిలిచిన విద్యార్థి ఆ పద్యములను విన్నపముగా చదువును. ‘చెంత నింకెవ్వరు వినుచున్నారు?’ అని యడిగినచో సంధిమాట లప్పుడే పలికిన భర్తలు కనబడుదురు. విన్నపము నిష్ఠురముగా మారును. ‘ఇదివఱకేమి జరిగినది?’ అనిన సభాపర్వము జ్ఞప్తికి వచ్చును. కాకువును ముద్రణము చూపజాలదు. ఉపాధ్యాయుడు రెండు విధముల చదివి వినిపించి, ఏది యొప్పునో, ఏ పదము సాక్ష్యమో యడుగవలెను. ఆమె తన కురులను చేతబట్టి చూపుట చేష్ట. ఆ తలవెండ్రుకలనే దుశ్శాసనుడు పట్టి యీడ్చెనని తెలిసినవానికి తాత్పర్యము వేఱుగా చెప్పనక్కఱలేదు.

2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము తరువాతి వాచకములలో ఆలోచింపజేయు ప్రశ్నలు, అపరిచిత పద్యములు చోటుచేసికొన్నవి. కాని వానికిని సిద్ధసమాధానములు అంగడిలో దొరకుచున్నవి. తరగతిలో పుట్టిన ప్రశ్నకు మాత్రము ముందుగా నచ్చువేసిన సమాధానముండదు. క్రియ యేది, ఎవడు, ఎట్టివాడు అని మొదలిడి, ఎవరు వినుచుండగా ననువఱకు నడచుటకు ఒక్క పద్యమునకు ఒక పీరియడు పట్టును. ఏటికి పాఠ్యభాగము లెన్ని యుండవలెనను నిర్ణయము ఆ లెక్క మీదనే జరుగవలసియున్నది.