సీమలో ఎదురుపడ్డ పెద్దలు

సముద్రం దాటి వెళ్లినవాళ్ల జీవితచరిత్రల్లో 'అక్కడ ఫలానా మహానుభావుణ్ణి కలిశాను' అనే ఘట్టం తప్పకుండా ఉంటుంది. చదివేవాళ్లకు అదంతా అదృష్టంలా కనిపిస్తుంది. వరసబెట్టి చూస్తే మాత్రం ఒక్కో కాలంలో ఒక్కో దారి ఉండేదని తెలుస్తుంది. ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. సీమలో మనవాళ్లను మార్చిన కలయికల్లో చాలావాటికి అవతలి మనిషి దొర కాదు, మనవాడే.

మొదటి తరం సంగతి వేరు. 1831 ఏప్రిల్‌లో రామమోహన్ రాయ్ లివర్‌పూల్‌లో దిగేసరికే ఆయన పేరు అక్కడ తెలుసు. మొగలు చక్రవర్తి ఇచ్చిన రాజా బిరుదుంది, ఆ చక్రవర్తి తరఫున వినిపించాల్సిన విన్నపం ఉంది. అలాంటి మనిషిని తత్వవేత్త బెంథామ్ అంతటివాడు కోరి కలిశాడంటే ఆశ్చర్యం లేదు. పేరూ బిరుదూ లేని కుర్రాళ్లు ఓడలెక్కడం మొదలయ్యాకే అసలు కథ.

వాళ్లకు ఆధారం సిఫార్సు ఉత్తరం. 1888లో లండన్ చేరిన గాంధీ దగ్గర అలాంటివి నాలుగున్నాయి. అందులో ఒకటి దాదాభాయి నౌరోజీకి. నౌరోజీ 1855 నుంచీ ఇంగ్లండ్‌తో సంబంధం ఉన్నవారు, అక్కడి భారతీయ విద్యార్థులకు పెద్దదిక్కు. గాంధీ ఆయన ఉపన్యాసాలకు వెళ్లి, ఓ మూల కూర్చుని విని, వచ్చేసేవారు. అంత పెద్దాయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని జంకి, ఆ ఉత్తరాన్ని చాలా ఆలస్యంగా గానీ చేతికివ్వలేదు. తీరా ఇచ్చాక నౌరోజీ ఆదరంగానే మాట్లాడారు. చిత్రమేమిటంటే, ఉత్తరం లేనిచోట గాంధీకి ఈ బెరుకు అడ్డు రాలేదు. ఫారింగ్‌డన్ వీధిలో శాకాహార భోజనశాల కనిపెట్టి, అక్కడే హెన్రీ సాల్ట్ పుస్తకం కొన్నారు. తర్వాత తాముంటున్న బేస్‌వాటర్‌లోనే ఒక శాకాహార సంఘం పెట్టి, భగవద్గీతను ఇంగ్లీషు పద్యాల్లోకి తెచ్చిన ఎడ్విన్ ఆర్నాల్డ్‌ను ఉపాధ్యక్షుడిగా ఉండమని అడిగారు. పెద్దవాళ్ల గడప తొక్కడానికి సిఫార్సు కన్నా ఉమ్మడి పిచ్చి ఒకటుంటే ఎక్కువ పనికొస్తుందని నాకనిపిస్తుంది.

అప్పటికే నౌరోజీ ఇంకో దారి వేసి ఉన్నారు. 1865లో లండన్ ఇండియన్ సొసైటీ పెట్టినప్పుడు బొంబాయి పార్సీ అయిన ఆయనతో చేతులు కలిపింది కలకత్తా నుంచి బారిస్టరు చదువుకు వచ్చిన డబ్ల్యూ.సి. బెనర్జీ. రైళ్లు అప్పుడప్పుడే పాకుతున్న దేశంలో బొంబాయివాడికీ కలకత్తావాడికీ పని కలిసే సందర్భాలు బహు తక్కువ. లండన్‌లో మాత్రం ఒకే గదిలో కూర్చున్నారు. 1885లో కాంగ్రెసు తొలి మహాసభకు బెనర్జీ అధ్యక్షుడు, మరుసటి ఏడాది నౌరోజీ.

ఇరవయ్యో శతాబ్దంలో ఉత్తరాల స్థానంలోకి ఇళ్లు వచ్చాయి. 1905లో శ్యామ్‌జీ కృష్ణవర్మ లండన్ హైగేట్‌లో తెరిచిన ఇండియా హౌస్ పేరుకు విద్యార్థుల వసతిగృహం, పనికి రాజకీయ పాఠశాల. సావర్కర్ ఉన్నదీ అక్కడే. 1909లో బ్రిటిష్ అధికారి కర్జన్ వైలీ హత్య తర్వాత అది మూతపడింది. అట్లాంటిక్‌కు అవతల ఇదే ధోరణి గదర్ ఉద్యమంగా పైకొచ్చింది. చదువుకోసం అమెరికా వెళ్లిన దర్శి చెంచయ్య అందులో చేరారు. ఆ రోజుల సంగతులు ఆయన 'నేనూ నా దేశం'లో ఉన్నాయి.

ఇక 1914 ఆగస్టు. యుద్ధం అప్పుడే మొదలైంది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన గాంధీ కెన్సింగ్టన్‌లో ఒక పాత ఇంటి మేడమీద బస చేశారు. ఆయన్ని వెతుక్కుంటూ సరోజినీ నాయుడు మెట్లెక్కారు. ఇంగ్లండ్ ఆమెకు కొత్త కాదు. 1895లో, పదహారేళ్ల వయసులో, నిజాం ఇచ్చిన వేతనంతో హైదరాబాదు నుంచి వచ్చి చదువుకున్నారు. ఇంగ్లీషు పిట్టల మీద కవిత్వం మాని మీ దేశం గురించి రాయమని విమర్శకుడు ఎడ్మండ్ గాస్ ఆమెకు చెప్పింది అప్పుడే. ఇప్పుడు తలుపు దగ్గర ఆమెకు కనిపించింది గుండు గీయించుకున్న ఒక చిన్నపాటి మనిషి. జైలు కంబళి నేలమీద పరుచుకుని, జైల్లో వాడిన కొయ్యగిన్నెలో చిదిపిన టమాటాలూ ఆలివ్ నూనే కలిపి తింటున్నారు. చుట్టూ వేరుసెనగల డబ్బాలు, అరటిపిండి బిస్కెట్లు. ఆమె ఆపుకోలేక నవ్వేశారు. ఆయన భోజనానికి పిలిచారు, ఆమె ఆ తిండిని చీదరించుకున్నారు. వాళ్ల స్నేహం మొదలైంది ఇలా. గాస్ చెప్పిన సలహా ఆమె కవిత్వాన్ని మార్చింది, కెన్సింగ్టన్ మేడ ఆమె బతుకునే మార్చింది.

ఆ ఏడాదే లండన్‌లో గాంధీని కలిసిన తెలుగువాడు వరాహగిరి వెంకటగిరి. 1913లో న్యాయశాస్త్రానికి డబ్లిన్ వెళ్లారు. అక్కడి విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చెప్పే థామస్ మెక్‌డొనా 1916 ఈస్టర్ తిరుగుబాటు నాయకుల్లో ఒకడై ఉరికి బదులు తుపాకీకి బలయ్యాడు. పాఠాలు చెప్పిన చోటనే రాజద్రోహం నడిచిందన్నమాట. ఆ ఏడాదే గిరిని దేశం విడిచి పొమ్మన్నారు. ఇంటికొచ్చి ఆయన పట్టుకున్నది బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల పని.

కేంబ్రిడ్జిలో జరిగినదాంట్లో రాజకీయం లేదు, చలి ఉంది. రాత్రి వెచ్చగా ఉంటోందా అని కలకత్తా నుంచి చదువుకు వచ్చిన మహలనోబిస్ ఒకరోజు గణితవేత్త రామానుజన్‌ను అడిగారు. ఓవర్‌కోటు తొడుక్కుని, శాలువా చుట్టుకుని పడుకుంటున్నానన్నారు రామానుజన్. పడకగదిలోకి వెళ్లి చూస్తే కంబళ్లన్నీ పక్క కింద దోపి ఉన్నాయి! వాటిని లాగి లోపల దూరాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పింది ఈ కలకత్తా కుర్రాడు. 1915లో ఇంటికి బయల్దేరబోతూ, యుద్ధం వల్ల ఓడ ఆలస్యమై, ఆ కుర్రాడు గ్రంథాలయంలో సంఖ్యాశాస్త్ర పత్రిక 'బయోమెట్రికా' సంపుటాలు తిరగేశారు. అక్కడి నుంచే 1931 నాటి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పుట్టుకొచ్చింది.

పెద్దవాళ్లందరూ చేయి అందిస్తారనుకోకూడదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920లలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి చేసిన పని ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో వాడుకలో ఉంది. కానీ ఫిస్క్ అసూయవల్లనే కాబోలు సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు వెలుగు చూడలేదనీ, ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందనీ చెప్పింది జార్జ్ హిచింగ్స్. ఆయన అక్కడే చదివి, 1988లో నోబెల్ అందుకున్నవాడు. ఇంతటి మనిషి సాక్ష్యమిచ్చాడు కాబట్టి మనకు తెలిసింది.

1946లో కేంబ్రిడ్జికి వెళ్లిన కల్యంపూడి రాధాకృష్ణారావు చేతిలో సిఫార్సు ఉత్తరం కాదు, కొలబద్ద ఉంది. వాల్తేరులో గణితం చదివి మహలనోబిస్ సంస్థలో చేరిన ఆయన్ని అక్కడికి రప్పించింది సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన అస్థిపంజరాల కొలతలు. వాటిని విశ్లేషించడానికి మహలనోబిస్ కనిపెట్టిన దూరమానం కావాలి, అది తెలిసినవాడు కలకత్తా నుంచి రావాలి. పగలు ఎముకల లెక్కలు చేస్తూనే ఆర్.ఎ. ఫిషర్ దగ్గర పరిశోధన చేసి 1948లో డాక్టరేట్ తీసుకున్నారు. 1979 తర్వాత ఆయన మకాం అమెరికాకు మారింది. ముందు పిట్స్‌బర్గ్, తర్వాత పెన్ స్టేట్. ఆ తరం సంఖ్యాశాస్త్ర విద్యార్థికి అక్కడ కలవాల్సిన పెద్దమనిషి తెలుగు మాట్లాడేవాడు.