శిరివెళ్ల సీమలో పిట్టవేట – తావుల మఱుగు

వాల్మీకి మహర్షి బోయవాడనియు, కాళహస్తీశ్వరునకు కన్నులొసగిన తిన్నడు బోయదొర కుమారుడనియు చెప్పుకొని మనము గర్వించుచున్నాము. ఆ గర్వము న్యాయమే. క్రీ.శ. 848 నాటి అద్దంకి శాసనమున పండరంగడు జయించిన పండ్రెండు బోయకొట్టముల ప్రసక్తి గలదు. దానిని మన సభలలో పలుమారు వింటిమి. అయినను ఇట్టి సంచికలలో కొట్టములేలిన బోయలను గూర్చి వ్రాయువారు పెక్కండ్రు గాని, కంపచెట్ల క్రింద ఉరులు పన్నిన బోయలను గూర్చి వ్రాయువారు అరుదు. ఉరులు పన్నిన తాతను నలుగురిలో తలచుకొనుటకు మనకు కొంత సిగ్గు గలదు కాబోలు. మేము ఆ తాతను గూర్చియే వ్రాయదలచితిమి.

శిరివెళ్ల నంద్యాలకును ఆళ్లగడ్డకును నడుమ నున్నది. చెన్నపట్టణపు రాజధానిలో ఈ పేరున కర్నూలు జిల్లాయందొక తాలూకాయే యుండెను. 2022 నుండి ఇది నంద్యాల జిల్లాలోనిది. తూర్పున నల్లమల, పడమట కుందూనదీ ప్రాంతపు నల్లరేగడి. ఈ రెంటికిని నడుమ గులకఱాళ్లును, కలివిపొదలును, తుమ్మకంపయు గల మెట్టనేల యున్నదే, అదియే పిట్టవేటగాని రాజ్యము. కొండలో అడవికోడియు జిట్టకోడియు, మెట్టలో కౌజు, జొన్న కోసిన చేలలో పూరేడు. దైవమునకు సైతము ఈ సీమలో వేట తప్పలేదు. అహోబిల నరసింహస్వామి చెంచులక్ష్మిని వరించి, కనుమనాడు పార్వేటకు బయలుదేరి, నలువది దినములు చుట్టుపట్ల పల్లెలు తిరిగి గాని కొండకు మరలడు.

1909లో థర్‌స్టన్‌దొర దక్షిణ హిందూదేశపు కులములను గూర్చి ప్రకటించిన గ్రంథమున బోయలలో ఊరుబోయలు, మ్యాసబోయలు అను రెండు తెగలను పేర్కొనెను. మ్యాసవారు అడవిబీళ్లను ఆశ్రయించినవారు. ఆయన ఎన్నో వివరములు సేకరించెను గాని ఏ గుట్టమీద ఏ పిట్ట దొరకునో వ్రాయలేదు. అడిగినను మనవారు చెప్పియుండరు.

కౌజువేట ఎఱుగనివారికై రెండు మాటలు చెప్పవలెను. పెంచిన మగకౌజును పంజరమున నుంచి తెల్లవారక మున్నే పొదల నడుమ దించుదురు. దీనినే దీమమందురు. దాని చుట్టును సన్నని ఉరులు పన్నెదరు. దీమపుపిట్ట కూసినంతనే ఆ మెట్టకు యజమానియగు అడవికౌజు, తన నేలలోనికి పరాయివాడు వచ్చెనని రోషముతో పరుగెత్తివచ్చి ఉరిలో కాలు పెట్టును. వేటగాని నేర్పు ఉరి పన్నుటలో సగమే. తక్కిన సగము తావు నెఱుగుటయే. కౌజు ఊరక దేశాంతరములు తిరుగు పక్షి కాదు. పుట్టిన మెట్టనే పట్టుకొని, పిల్లలతో ఒక గుంపుగా మేసి, రాత్రి ముండ్లచెట్టెక్కి నిద్రించును. ఏ చెట్టు, ఏ పుట్ట, ఏ వాగుగట్టు అను నెఱుకయే వేటగాని ఆస్తి. ఆ ఎఱుకకు పట్టా లేదు, రిజిస్టరు లేదు. నోరు జారినచో పోవును.

కావుననే మా పెద్దలు తావు చెప్పెడివారు కారు. పట్టిన పిట్టలను గంపలో గప్పి, పోయిన దారిని గాక వేఱొక దారిని ఊరు చేరెడివారు. “యాడ పట్టినావు మామా?” అని యడిగినచో “అద్దో, ఆ పొద్దు మునిగే తట్టు” అని చేయి చూపెడివారు, పోయినది తూర్పునకై యుండును. ఇది అబద్ధము కాదా యని యడుగువారు కలరు. అడిగినవానికి కూడ అది అబద్ధమని తెలియును గనుక మేము దానిని మర్యాదగానే యెంచుచున్నాము. కన్నకొడుకునకు సైతము వాని చేతి ఉరి కుదిరినదాక తావు చూపెడివారు కారు.

ఈ గోప్యము లోభమువలన పుట్టినదని తేలికగా ననవచ్చును. లోభము కొంత లేకపోలేదు. కాని ఒక్క గుంపుమీద ఇద్దఱు ఉరులు పన్నినచో మఱుసటియేటికి ఆ మెట్టలో కూత వినబడదు. ఒక్కడే యెఱిగినచో వాడు నాలుగు పట్టి నాలుగు విడుచును, వచ్చేయేడు తానే రావలెను గదా. శాసనములేని కాలమున మౌనమే శాసనముగ నుండెను.

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంపిణీవారిపై తిరుగబడినపుడు ఆయన వెంట నడచినవారిలో బోయలు ముఖ్యులు. కొండదారులను, మఱుగుతావులను ఎఱిగినవారి అండ లేక ఆ పోరు నెలల తరబడి సాగెడిది కాదని మా తలంపు. 1847 ఫిబ్రవరి 22వ తేదీన ఆయనను కోవెలకుంట్లలో ఉరితీసిరి. పిమ్మట 1882లో మద్రాసు అడవిచట్టము వచ్చి, తాతలనాటి తావులకు సర్కారు గట్లు వేసెను.

తావు నెఱిగినవాని విలువ లోకమునకు తెలిసినది మన సీమకు దక్షిణముననున్న కడప జిల్లాలో. జెర్డన్ అను దొర, చెన్నపట్టణపు సేనలో వైద్యుడు, కనుగొనిన యొక పక్షిని 1848లో బ్లైత్ పండితుడు లోకమునకు వర్ణించి చూపెను. 1900లో అనంతపురము చేరువ నొకసారి కనబడిన పిమ్మట ఆ పక్షి జాడ పండితులకు దొరకలేదు. నశించినదనియే పలువురు నిశ్చయించిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు దానిని వెదకుచు వచ్చి పల్లెలవారిని విచారింపగా, 1986 జనవరిలో సిద్ధవటము చెంత రెడ్డిపల్లెలో ఐతన్న యను వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగున ఆ పక్షిని చేతితో పట్టి తెచ్చెను. అదియే కలివికోడి. ఎనుబదియాఱు వత్సరములు పండితుల కంటబడని పక్షికి పల్లెలో పేరు కలదు, పొద కలదు! ఐతన్న కులమేదైనను విద్యచేత మనవాడే. పట్టిన పక్షి బ్రతుకలేదు, అది విచారకరము. అయినను దానివలననే లంకమలలో అభయారణ్యమేర్పడెను. తెలుగుగంగ కాలువ సైతము దారి మార్చుకొనవలసి వచ్చెను. నేడు ఆ పక్షి యుండు తావులను పండితులే బయటపెట్టరు. మన తాతల విద్యను వారును నేర్చిరి.

నందికొట్కూరు దిక్కున రోళ్లపాడు బీళ్లలో బట్టమేకపిట్టకును నేలనెమలికిని 1988లో అభయారణ్యమేర్పఱచిరి. ఏటికొక్క గ్రుడ్డు పెట్టు బట్టమేక మొదట కొంత హెచ్చి, తరువాత తఱిగి, ఇటీవల కనబడుటయే గగనమైనది. అచట కృష్ణజింకలు పెరిగి రైతుల చేలు మేసినందున ఊరివారికి అభయారణ్యముపై ప్రీతి తగ్గెను. తావును కాచుటకు కంచెయు కావలివాడును చాలరు. ఊరివాని మనసు కూడ కావలెను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, 1991 నాటి దాని సవరణయు వేటను నిలిపివేసినవి. నేడు కౌజును పట్టుట నేరము. ఇది సరియైనదే యని మా యభిప్రాయము. నాటుతుపాకియు, వలలును, మోటారుబండియు వచ్చిన పిమ్మట నాలుగు పట్టి నాలుగు విడుచువాడెవడు? కాని వేటతో బాటు ఎఱుకయు పోవుచున్నది. కౌజుకూతను బట్టి గుంపు నెంచగల ముసలివారు పల్లెకొకరిద్దఱు మిగిలిరేమో. వారి మనుమలు హైదరాబాదులో బెంగుళూరులో పనులు చేసికొనుచున్నారు.

ఈ ఎఱుకను అచ్చొత్తింపవలెనని కొందఱు యువకులు మాతో వాదించిరి. అచ్చొత్తించినచో దొంగవేటగాండ్రు చదువరా యని పెద్దలు వారించిరి. రెండు మాటలును న్యాయముగనే తోచినవి. పక్షుల పేళ్లు, కూతలు, గూళ్లు పెట్టు ఋతువులు, మేపు, పాతకాలపు ఉరుల తీరు – వీనిని వ్రాసికొనవచ్చును. వాటివలన ఏ పిట్టకును హాని లేదు. ఏ గుట్ట, ఏ వాగు అనునది మాత్రము ముసలివాని నోట విని, కావలియుండదలచిన పడుచువాడు వానితో నడచి చూచుకొనవలెను. అందుకే ఈ వ్యాసమున శిరివెళ్ల చుట్టునున్న మెట్టలలో ఒక్కదాని పేరైనను వ్రాయమైతిమి. సభకు వచ్చినవారిలో ఎవరైనను మమ్ము ప్రక్కకు పిలిచి యడిగినచో, పొద్దు మునిగే తట్టు చూపుదుము.