ఆఫ్రికా దక్షిణ దేశాలలో మోటారుసైకిలు యాత్ర

దక్షిణాఫ్రికా, లెసోతో, నమీబియా, బోట్స్వానా, జాంబియా దేశాల మీదుగా వేల కిలోమీటర్లు సాగే ఈ యాత్రకు ముందస్తు ఏర్పాట్లు చాలా ముఖ్యము. ఈ దేశాలన్నింటిలోను భారతదేశములో వలెనే వాహనాలను రోడ్డుకు ఎడమవైపున నడుపుతారు.

కాలము
కృష్ణా డెల్టాలో కంకిపాడు, ఉయ్యూరు ప్రాంతాలు ఎండకు మాడే మే నెలలో అక్కడ చలికాలము సమీపిస్తుంది. మే నుండి అక్టోబరు వరకు వానలు తక్కువ. కేప్‌టౌన్ పరిసరాలలో మాత్రము చలికాలమే వానాకాలము. లెసోతో కొండలపై మంచు కురుస్తుంది.

పత్రాలు
పాస్‌పోర్టు, వీసాలతో పాటు రవాణా కార్యాలయము ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగు పర్మిటు ఉండవలెను. ఇది ఏడాదికి మించి చెల్లదు. అద్దె బండితో సరిహద్దు దాటుటకు యజమాని వ్రాతపూర్వక అనుమతి కావలెను.

మార్గము
కేప్‌టౌన్ నుండి నమీబియా రాజధాని విండ్‌హోక్‌కు సుమారు 1,500 కి.మీ. దూరము. నమీబియాలో అధిక భాగము కంకర రోడ్లే. బోట్స్వానా, జాంబియాల మధ్య జాంబెజీ నదిని పూర్వము పంటుపై దాటేవారు. 2021 మే 10న 923 మీటర్ల కజుంగుల వంతెన ప్రారంభమైనది. విక్టోరియా జలపాతము దీనికి చేరువలోనే కలదు.

జాగ్రత్తలు
• బోట్స్వానా ఉత్తర భాగములో ఏనుగులు రోడ్డు దాటుతుంటాయి. చాలాచోట్ల పశువులు కూడా అడ్డు వస్తాయి. కనుక చీకటి పడకముందే బస చేరవలెను.
• క్రూగర్, ఎటోషా వన్యప్రాణి ఉద్యానాలలోకి మోటారుసైకిళ్ళను అనుమతించరు.
• పెట్రోలు బంకుల మధ్య దూరము ఎక్కువ. కనబడిన ప్రతిచోటా టాంకు నింపుకొనవలెను.
• మలేరియా ప్రాంతాలకు వెళ్ళేవారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను.

తెలుగువారు
1860-1911 మధ్య మద్రాసు రేవు నుండి నాటాల్ చెఱకు తోటలకు వెళ్ళిన ఒప్పంద కూలీలలో తెలుగువారు కూడా ఉన్నారు. వారి సంతతివారు నేటికీ డర్బన్ పరిసరాలలో నివసిస్తున్నారు.