ధాత కరువులో కాపరి

23వ కీర్తన అనగానే మనకు పచ్చిక, నెమ్మదైన నీళ్లు కళ్లముందు కదులుతాయి. మరి పచ్చిక మాడిపోయి, చెరువులు ఇంకిపోయిన రోజున ఆ కీర్తన మాటేమిటి? ఈ ప్రశ్నకు మన ఒంగోలు ప్రాంత చరిత్రలో ఒక జవాబు ఉంది.

1876లో వానలు పడలేదు. 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని పీడించిన ఆ కరువునే మన పెద్దలు ధాత కరువు అన్నారు. లక్షలాది మంది చనిపోయారు. అప్పటికి పదేళ్లుగా ఒంగోలులో సేవ చేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారికి యవ్వనంలో నేర్చిన సర్వే పని గుర్తొచ్చింది. కరువు పనుల కింద ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు ఆయన తీసుకున్నారు. వేలమంది పేదలు, ముఖ్యంగా మాదిగ సోదరులు, పార, తట్ట పట్టి తమ కూలితో ప్రాణం నిలుపుకున్నారు. బోధకులే మేస్త్రీలు. పని ఆపి సేదదీరే వేళ, వారి మధ్య కూర్చుని ప్రభువును గురించి చెప్పేవారు.

ఎందరో బాప్తిస్మం అడిగారు. క్లౌ గారు ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, ఆ కరువు సాయం సాగినంత కాలం, ఏడాదికి పైగా, ఆపేశారు. సాయం ముగిశాక, ఇక ఇవ్వడానికి తన దగ్గర డబ్బు లేదని కూడా చెప్పారు. అయినా వాళ్లు కదల్లేదు. బొబ్బలెక్కిన చేతులు చూపించి, తాము కష్టపడి బ్రతకగలమన్నారు. ఈసారి పంట పోతే చనిపోవచ్చు, కానీ క్రీస్తువారిగానే చనిపోతామన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు వంతులవారీగా ఇచ్చారు.

ప్రియులారా, ఇక్కడ గమనించండి. దేవుని పోషణ ఆకాశం నుండి మన్నాలా రాలేదు. మట్టి తట్టగా, కాలువ పనిగా, రోజు కూలిగా వచ్చింది. అది ఆగిపోయిన రోజున కూడా వారి నమ్మకం ఆగలేదు. పచ్చిక కోసమే వచ్చిన గొర్రె పచ్చిక అయిపోగానే వెళ్లిపోతుంది. కాపరి స్వరం ఎరిగిన గొర్రె చీకటి లోయలోనూ ఆయన వెంటే నడుస్తుంది. దావీదు కూడా తన కీర్తనను పచ్చికతో మొదలుపెట్టలేదు, కాపరితో మొదలుపెట్టాడు.

ఈ ఏడు మీ చేనుకు వాన ఆలస్యమైందా? అప్పువాడు గుమ్మంలో ఉన్నాడా? దొరికిన పనిని ఆయన చేతినుండి వచ్చినట్టే అందుకోండి. పక్కింటి పొయ్యి వెలగకపోతే ఆయన చేతులు మీరే కండి. పచ్చిక ఉన్నా లేకున్నా, కాపరి ఉన్నాడు.

తండ్రీ, నీవిచ్చేవాటికంటే నిన్నే ఎక్కువగా నమ్ముకునే హృదయం మాకు దయచేయుము. ఆమేన్.